నాన్న మిలిట్రీ సర్వీసు గుర్తుగా పాత సైకిలు బాగుచేసి కట్టుకోవడం ఎలా

మా నాన్న 18 ఏళ్లు మిలిట్రీలో చేశారు, సిగ్నల్స్‌లో లైన్‌మన్, అంటే వైరు చుట్టిన డ్రమ్ము మోసుకుంటూ ఫీల్డ్ టెలిఫోన్ లైన్లు లాగే పని. 1964లో వెళ్లి 1982లో ఇంటికొచ్చేశారు, వచ్చాక కొన్న మొదటి వస్తువు ఒక హెర్క్యులిస్ సైకిలు. తర్వాత స్కూటర్ వచ్చింది, సైకిలు పశువుల పాకలోకి వెళ్లింది, ఆ పాక పీకేసినప్పుడు పాత సామాన్లవాడికి వెళ్లిపోయింది. ఎంతకిచ్చామో కూడా ఎవరికీ గుర్తులేదు. ఆయనకి ఎనభై దగ్గరపడుతుంటే అలాంటిదే ఒకటి వెతికి, ఆయన సర్వీసు గుర్తుగా కట్టి ఇద్దామనిపించింది నాకు. కట్టా, కాకపోతే ఒకసారి చెడగొట్టి రెండోసారి కట్టా, పెయింటు ఖర్చు డబుల్ అయింది. మీకు ఆ రెండోసారి ఖర్చు తప్పాలని ఇదంతా రాస్తున్నా.

చెడగొట్టింది ఎలాగంటే, మొదట ఒళ్లంతా ఆలివ్ గ్రీన్ కొట్టించి, మడ్‌గార్డు మీద స్టార్లు, చైన్ కవరు మీద సినిమాల్లో చూపించే టైపు తెల్ల అక్షరాలు వేయించా. నాన్న వచ్చి చుట్టూ ఒక రౌండు తిరిగి చూసి "ఇది ఏ యూనిట్ బండిరా?" అన్నారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. అది ఏ యూనిట్‌దీ కాదు, ఎవరిదీ కాదు, మిలిట్రీ వేషం వేసుకున్న సైకిలు అంతే. కాబట్టి పానా పట్టుకోకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది.

ముందు పెట్టె తెరవండి

మిలిట్రీవాళ్ల ఇళ్లలో నల్ల ట్రంకు పెట్టె ఉంటది కదా, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు రాసి ఉంటది. మా ఇంట్లోదాని మీద దిగాల్సిన రైల్వే స్టేషన్ పేరు కూడా ఉంది, తాడేపల్లిగూడెం అని. మా పక్కనే మాధవరం ఉంది, మిలిట్రీ మాధవరం అంటే జిల్లాలో తెలియనివాళ్లుండరు, అక్కడ ఇంటింటికీ ఇలాంటి పెట్టె ఒకటైనా ఉండే ఉంటది. ఆ పెట్టె తెరిచి డిశ్చార్జి బుక్కు, ఫోటోలు, మెడల్సు, బెల్టు, మగ్గు, ఏముంటే అవి బయటపెట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయన లేకపోతే అమ్మనో, ఆయనతో చేసిన ఫ్రెండునో అడగండి. అడగాల్సింది యుద్ధం గురించి కాదు, రోజూ చేసిన పని గురించి. యుద్ధం గురించి అడిగితే రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు, పని గురించి అడిగితే ఆగరు. మా నాన్న 1971 గురించి ఐదు నిమిషాలు చెప్పారు, జబల్‌పూర్‌లో ట్రైనింగప్పుడు చీకట్లో వైరు జాయింట్ ఎలా వేసేవాళ్లో గంట చెప్పారు.

ఇదంతా ఎందుకంటే సైకిల్ మీద పెట్టే ప్రతి వస్తువూ, ప్రతి రంగూ అందులోంచే రావాలి. మద్రాస్ రెజిమెంట్‌లో చేసినాయనకి ఏనుగు అంటే ఒక లెక్క, వాళ్ల బ్యాడ్జీ మీద ఉండేది అదే, 1803 అస్సాయే యుద్ధం నుంచి వస్తున్న ఏనుగు. సికింద్రాబాద్ ఈఎంఈలో, అంటే ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, మెకానిక్‌గా చేసినాయనకి ఆ ఏనుగుతో ఏ సంబంధమూ లేదు. మా నాన్నకి రెండూ కావు, మూడు రంగులు, లేత నీలం, ముదురు నీలం, ఆకుపచ్చ, అవి సిగ్నల్స్ వాళ్ల రంగులు. ఒక నోట్‌బుక్కులో మూడు విషయాలు రాసుకోండి చాలు, ఒక రంగు, ఒక వస్తువు, ఒక రాత. మాకు వచ్చినవి సిగ్నల్స్ రంగులు, కాన్వాస్ సంచి, పెట్టె మీద రాత. అంతకంటే ఎక్కువ పెడితే వినాయక చవితి పందిరిలా తయారవుద్ది.

సైకిలు వెతకడం

మిలిట్రీ కోసం ప్రత్యేకంగా చేసిన సైకిలు దొరుకుతుందేమో అని తిరక్కండి. రెండో ప్రపంచ యుద్ధంలో బీఎస్ఏ వాళ్లు పారాట్రూపర్ల కోసం మధ్యకి మడిచే సైకిలు చేశారు, 1944లో నార్మండీ ఒడ్డున దిగిన కెనడా సైనికుల దగ్గర కూడా అవి ఉన్నాయి. ఇప్పుడవి కలెక్టర్ల చేతుల్లో ఉంటాయి, మనకి అందే రేటు కాదు. స్విట్జర్లాండ్ ఆర్మీ 1905 మోడల్ సైకిలుని దాదాపు తొంభై ఏళ్లు వాడింది, అదీ అంతే. కానీ అప్పటి మామూలు ఆర్మీ సైకిళ్లు చూస్తే నవ్వొస్తది, మన ఊళ్లో పాలవాళ్లు తొక్కిన నల్ల రోడ్‌స్టరే, దానికి క్యారియర్, బ్యాగు కట్టడానికి బెల్టులు, తుపాకీ క్లిప్పులు, అంతే తేడా. అందుకని 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు (వైరు బదులు ఇనప రాడ్లతో లాగేవి) ఉన్న పాత రోడ్‌స్టర్ ఏది దొరికినా పనికొస్తది, హెర్క్యులిస్, ర్యాలీ, ఫిలిప్స్, అట్లాస్, హీరో, బీఎస్ఏ. ఇందులో బీఎస్ఏ దొరికితే ఒక ముచ్చట కూడా కలిసొస్తది, ఆ పేరుకి అర్థం బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, తుపాకులు చేసే కంపెనీ, పాత బ్యాడ్జీ మీద మూడు రైఫిళ్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి ఉంటాయి. మీ నాన్న ఇన్‌ఫాంట్రీ అయితే వేరే బొమ్మ అక్కర్లేదు, ఆ బ్యాడ్జీకి పాలిష్ పెడితే చాలు.

వెతికే చోట్లు మీకు తెలిసినవే, ఊళ్లో అటకలు, పాకలు, మూసేసిన సైకిల్ షాపులు, ఇనప సామాన్ల కొట్లు. హైదరాబాద్‌లో అయితే గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత, పొద్దున్నే వెళ్లాలి. ఫోన్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు "యాంటిక్" అని రాసి పది పదిహేను వేలు చెప్తారు, దాని జోలికి పోవద్దు. నాకు నరసాపురం వైపు ఒక రైతు దగ్గర 1,800కి దొరికింది, టైర్లు లేవు, సీటు లేదు, ఫ్రేము మాత్రం గట్టిది.

కొనేముందు చూడాల్సినవి. లగ్గుల దగ్గర, అంటే పైపులు కలిసే జాయింట్ల దగ్గర, పెయింటు కింద సన్నగీత కనిపిస్తే అది పగులు, వదిలెయ్యండి. ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల పైపు, వెనక్కి వంగిందా చూడండి, ఏ గేదెకో గుద్దిన సైకిళ్లు బోలెడుంటాయి. సీటు రాడ్డు ఫ్రేములో బిగుసుకుపోయి ఉంటే దాన్ని తియ్యడానికే వారం పడుద్ది, రేటు తగ్గించి అడగండి. ఫ్రేము వంకర తెలియాలంటే ఒక దారం చాలు, వెనక చక్రం ఇరుసు పట్టే చోట ఒకవైపు కట్టి, ముందు హ్యాండిల్ కిందున్న హెడ్ పైపు చుట్టూ తిప్పి, వెనక రెండోవైపు కట్టండి, ఇప్పుడు సీటు కింద పైపుకీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా ఒకేలా ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటే పర్లేదు, వేలు దూరేంత ఉంటే వద్దు. తుప్పు చూసి భయపడకండి, పైపైన ఉన్న తుప్పు పోద్ది, బాటమ్ బ్రాకెట్ కింద, అంటే పెడల్స్ ఇరుసు తిరిగే గొట్టం కింద, చిల్లు పడి ఉంటే మాత్రం పోయేది మీ డబ్బే.

ఇంకో మాట, ఆయన సొంత సైకిలే ఇంట్లో మిగిలుంటే దానికి పెయింటు వెయ్యొద్దు. ఆయన కాలు రాసుకుని అరిగిన చోటు, ఆయన గడ్డి మోపు కట్టిన గీతలు మళ్లీ ఎక్కడా దొరకవు. కిరసనాయిలుతో తుడిచి, గ్రీజు మార్చి, కొత్త టైర్లు వేసి ఆపేయండి. ఈ కింద రంగుల గురించి రాసిందంతా బయట కొన్న సైకిలుకే.

విప్పడం

విప్పేముందు అన్ని వైపుల నుంచి ఫోన్లో ఫోటోలు తీయండి, ముఖ్యంగా రాడ్ బ్రేకుల జాయింట్లు, ఏ రాడ్డు ఏ క్లిప్పు మీద నుంచి పోతుందో. నేను తీశాననుకున్నా, ఎడమవైపు తియ్యలేదు, తర్వాత ఊళ్లో ఇంకో సైకిలాయన ఇంటికెళ్లి ఆయన సైకిలు ముందు బాసింపట్టు వేసి కూర్చోవాల్సొచ్చింది. ఒక్కో భాగానికి ఒక్కో డబ్బా, మీద పేరు రాసి పెట్టుకోండి.

బిగుసుకున్న ప్రతి నట్టుకీ డీజిలో, కిరసనాయిలో పోసి ఒక రాత్రి వదిలేయండి, అయినా రాకపోతే ఇంకో రాత్రి. తొందరపడితే నట్టు మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, ఆ తర్వాత గ్యాస్ కట్టరే గతి. రెండు చోట్ల తిరుగుడు ఉల్టా ఉంటది గుర్తుంచుకోండి, ఎడమ పెడల్, చైన్ వైపున్న బాటమ్ బ్రాకెట్ కప్పు (బాల్సు కూర్చునే గిన్నె), ఈ రెండూ గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడతాయి. ఆ కప్పు బాగుంటే అసలు తియ్యకండి, అక్కడే ఉంచి శుభ్రం చేసుకోవచ్చు.

కాటరు పిన్నులే అసలు పరీక్ష, అంటే క్రాంకుని (పెడల్ తగిలించే ఇనప చెయ్యిని) ఇరుసుకి పట్టి ఉంచే మేకుల్లాంటివి. నట్టు పూర్తిగా తీసేసి సుత్తితో కొడితే మరలు నలిగిపోతాయి, అది అందరూ చేసే తప్పు. నట్టుని పిన్ను చివరికి సమానంగా వచ్చేదాకా మాత్రమే వదులు చేసి, క్రాంకు కింద ఒక ఇనప పైపు ముక్క నేల మీద నుంచి సరిగ్గా ఆనేలా నిలబెట్టి, బరువైన సుత్తితో ఒకే ఒక్క దెబ్బ గట్టిగా వెయ్యాలి. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను లోపలే ఉబ్బిపోద్ది. ఆనింపు లేకుండా కొడితే దెబ్బంతా బాల్సు మీద పడి కప్పుకి గుంటలు పడతాయి. పాత సైకిల్ షాపు తాత ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఈ ఒక్క పని ఆయనతో చేయించుకోండి, టీ తాగించి చూస్తూ నేర్చుకోండి.

తుప్పు

ఇనప సామానుకి నిమ్మ ఉప్పు బాగా పనిచేస్తది, కిరాణా కొట్లో దొరుకుద్ది. బకెట్ గోరువెచ్చటి నీళ్లలో గుప్పెడు కలిపి చిన్న భాగాలు ఒక రాత్రి నానబెట్టి, పొద్దున్నే బ్రష్షుతో తోమి, నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆ "వెంటనే" మర్చిపోతే గంటలో ఎర్ర పొడి మళ్లీ వచ్చేస్తది. నికెలు పూత ఉన్న రిమ్ములు, హ్యాండిల్ మీద అల్యూమినియం ఫాయిల్ ముక్కని నీళ్లలో తడిపి రుద్దండి, చవకైన పని, చూస్తుంటే ముచ్చటేస్తది. ఇత్తడి బెల్లు, బ్యాడ్జీకి చింతపండే, మన ఇత్తడి బిందెలకి లేని కొత్త పాలిష్ సైకిల్‌కి ఎందుకు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వాడకండి, ఇనుముని తినేస్తది, పైపు లోపలికి దిగితే ఎన్ని కడుగులు కడిగినా లోపల పని చేస్తూనే ఉంటది.

పాత పెయింటులో సీసం ఉండొచ్చు, అందుకని పొడిగా గీకొద్దు, ఎమరీ పేపరు నీళ్లలో ముంచి తడిగా రుద్దండి, మాస్కు వేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానీయకండి. ఫ్రేము నంబరు ఉన్న చోట మాత్రం చేత్తో మెల్లగా, అది అరిగిపోతే సైకిలు పుట్టిన సంవత్సరం తెలుసుకునే దారి పోయినట్టే.

రంగు, ఇక్కడే నా డబ్బులు పోయాయి

ఆలివ్ గ్రీన్ గురించి చాలామందికి ఒక డౌటు, వేస్తే పోలీసులు పట్టుకుంటారా అని. 1989 మోటార్ వాహనాల రూల్స్‌లో ఆ రంగు డిఫెన్స్ వాహనాలకి తప్ప ఎవరూ వెయ్యకూడదని ఉంది, అది మోటారు బండ్లకి. సైకిలు మోటారు బండి కాదు కాబట్టి ఆ రూలు దీనికి రాదు, మీ బుల్లెట్‌కి మాత్రం వేయించకండి. వేయాలనుకుంటే పెయింట్ షాపులో ఇండియన్ స్టాండర్డ్ షేడ్ నంబరు 220 అని అడగండి, ఆలివ్ గ్రీన్ అదే, మ్యాట్‌లో తీసుకోండి, నిగనిగలాడితే మున్సిపాలిటీ చెత్తబండిలా ఉంటది.

కానీ నా సలహా అడిగితే నలుపు. ఒకటి, మన రోడ్‌స్టర్ పుట్టుకతోనే నలుపు. రెండు, ఆ ట్రంకు పెట్టె నలుపు. మూడు, రెండో ప్రపంచ యుద్ధం టైములో బ్రిటన్‌లో క్రోమ్ దొరక్క సైకిళ్లకి మెరిసే భాగాలు కూడా నల్ల పెయింటే వేసి అమ్మారు, కాబట్టి మీ హ్యాండిల్, రిమ్ముల మీద పూత పోయి ఉంటే మళ్లీ నికెలు వేయించే ఖర్చు లేకుండా నల్లగా కొట్టించెయ్యొచ్చు, అదీ ఆ కాలం పద్ధతే. ఒక్క జాగ్రత్త, రాడ్ బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు ఆనతాయి, ఆ పట్టీ మీద పెయింటు వెయ్యకండి.

పౌడర్ కోటింగ్ చేయిద్దామంటారు అందరూ. మొదటిసారి నేను అదే చేయించా, ఆ షాపువాళ్లు మరలు మూయకుండా కొట్టేశారు, లగ్గుల అంచులన్నీ లడ్డూ మీద పాకంలా పూడిపోయాయి. రెండోసారి చేత్తోనే వేశా. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ రెండు కోట్లు, ఆరాక 400 నంబరు వాటర్ పేపరుతో తడిగా రుద్ది, నల్ల ఎనామిల్ పలచగా మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు, 800 పేపరు. ఇరుసు కూర్చునే చోట్లు, హెడ్ పైపు లోపల, బాటమ్ బ్రాకెట్ మరలు, ఇవన్నీ గుడ్డ కుక్కి, టేపు వేసి మూయాలి. వర్షాకాలంలో వెయ్యకండి, గాల్లో తేమకి పెయింటు మీద మబ్బు పట్టినట్టు తెల్లగా వచ్చేస్తది. అయిపోయాక గోరు గుచ్చితే గుర్తు పడనంతగా గట్టిపడేదాకా, కనీసం రెండు వారాలు, ముట్టుకోకండి. నేను తొమ్మిదో రోజే బిగించా, క్లిప్పుల కింద పెయింటు లేచిపోయింది.

రాతలు

స్టిక్కర్లు వద్దు. మీ ఊళ్లో బోర్డులు రాసే పెయింటరు ఇంకా ఉంటే, ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకి పని తగ్గి ఖాళీగానే ఉంటాడు, ట్రంకు పెట్టె ఆయన ముందు పెట్టి "ఈ అక్షరాలే, ఈ వంకరే, ఇంతకంటే అందంగా వద్దు" అని చెప్పండి. మా పెయింటరుకి ఇది అర్థం కావడానికి పూట పట్టింది, ఆయన నీడలు వేసి రాస్తానంటాడు, నేను వద్దంటా. చివరికి పెట్టె మీద కాగితం పెట్టి అచ్చు తీసి, దాన్ని చైన్ కవరు మీద దించాడు.

ఏం రాయించాలి అంటే, పేరు, చేరిన సంవత్సరం, బయటికొచ్చిన సంవత్సరం, స్టేషన్ పేరు. ఆర్మీ నంబరు మొత్తం రాయకండి, పెన్షన్ కాగితాల మీద కూడా అదే ఉంటది, ఫోటో తీసి ఎవడో ఫోన్ చేసి మోసం చేసే రోజులివి, చివరి మూడంకెలు చాలు. మీరు కడుతున్నది ఇప్పుడు సర్వీసులో ఉన్న తమ్ముడికో, కూతురికో అయితే యూనిట్ పేరు, పోస్టింగ్ ఊరు అస్సలు వద్దు.

రంగు పట్టీలు సీటు కింద పైపు మీద వేయించండి, ఒక్కోటి అంగుళం లోపు వెడల్పు చాలు. ఏ రెజిమెంటో తెలిసి రంగులు తెలియకపోతే అందులో చేసినవాళ్లని అడిగి కలిపించండి, ఊహించి వెయ్యకండి, చూసినవాళ్లలో ఒక్కడు పాత సైనికుడున్నా దొరికిపోతారు. అదీ కాకపోతే ఎరుపు, ముదురు నీలం, లేత నీలం వేసేయండి, డిసెంబర్ 7న ఫ్లాగ్ డేకి బడిలో మనం గుండీకి గుచ్చుకున్న చిన్న జెండా రంగులు, మూడు దళాలకీ సరిపోతాయి.

వెయ్యకూడనివి కూడా చెప్పాలి. జాతీయ జెండాని సైకిల్‌కి చుట్టడం, కప్పడం 1971 చట్టం ప్రకారం అవమానం కిందకి వస్తది. మూడు సింహాల గుర్తు సొంతానికి వాడటానికి 2005 చట్టం ఒప్పుకోదు. ఆర్మీ బండ్ల నంబరు ప్లేటు మీద ఉండే పైకి చూసే బాణం గుర్తు వద్దు. ఇక ఆ సైకిల్ మీద మీరు యూనిఫాం వేసుకుని తిరగడం, చూసినవాళ్లు సైనికుడనుకోవాలని వేసుకుంటే అది నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 168వ సెక్షను. పాత ఆర్మీ సైకిళ్లకి తుపాకీ క్లిప్పులు ఉండేవని చెప్పా కదా, అవి చూసి ముచ్చటపడి బొమ్మ తుపాకీ తగిలించుకుని బజారెళ్లేరు, స్టేషన్‌లో కూర్చోబెడతారు. అసలు మెడల్సుకి చిల్లులు పెట్టి తగిలించడం గురించి నేను మాట్లాడను, అలాంటివి చూశా, కడుపులో తిప్పింది.

బిగించడం

బాల్సు పాతవి వాడొద్దు, కొత్తవి కప్పుకో ఇరవై ముప్పై రూపాయలు. మామూలుగా రోడ్‌స్టర్లలో బాటమ్ బ్రాకెట్‌కి పక్కకి 11, వెనక హబ్బుకి పక్కకి 9, రెండూ 1/4 అంగుళం సైజు, ముందు హబ్బుకి పక్కకి 10, 3/16 సైజు. మీ దాంట్లో విప్పినప్పుడు ఎన్నున్నాయో లెక్కపెట్టండి కానీ దాన్నే నమ్మకండి, ముందు చేసినాయన ఒకటి పారేసుకుని ఉండొచ్చు. గ్రీజు నిండా పెట్టి బాల్సు గుండ్రంగా పేర్చాక ఇంకొకటి పట్టీ పట్టనంత సందు మిగలాలి, అది లెక్క. కోను, అంటే ఇరుసు మీద బాల్సుని నొక్కిపట్టే నట్టు, బిగించేటప్పుడు చక్రం ఊగకూడదు, అలాగని తిప్పితే గరగర అనకూడదు.

వెనక చక్రానికి 40 పుల్లలు, ముందుకి 32, మన పాత సైకిళ్లన్నిటికీ దాదాపు ఇంతే. పుల్లలు మార్చి బెండు తీయడం నేర్చుకోవడానికి ఇది మొదటి సైకిలైతే షాపులో ఇచ్చెయ్యండి, రాడ్ బ్రేకు చక్రం కొంచెం ఎగుడుదిగుడున్నా బ్రేకు కొట్టుకుంటది.

కాటరు పిన్నులు కొత్తవే వేయండి, ఒకటి నట్టు ముందుకి ఉంటే రెండోది వెనక్కి ఉండేలా, లేకపోతే రెండు పెడల్సూ ఒక గీతలో ఉండవు. పిన్ను చదును వైపు ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తూ వేసి చూసి, నట్టు మరలు నాలుగైదు బయట కనిపించేదాకా రావాలి. ముందు సుత్తితో కొట్టి కూర్చోబెట్టి ఆ తర్వాత నట్టు బిగించండి, నట్టుతో లాగకండి. యాభై కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి బిగించాలి, ఇది మర్చిపోతే క్రాంకు అరిగి పాడైపోద్ది.

చైను వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి. బ్రేకు రబ్బర్లకీ రిమ్ముకీ మధ్య మూడు మిల్లీమీటర్లు. వానలో రాడ్ బ్రేకు పట్టదు, అది దాని జాతి గుణం, తొక్కేవాళ్లకి చెప్పి ఇవ్వండి. ముసలాయన తొక్కేట్టయితే పెద్ద ఫ్రేము మీద కాలు తిప్పి ఎక్కడం కష్టం, సీటు బాగా కిందకి దించండి, స్టాండు రెండు కాళ్లది గట్టిది వేయండి, నిలబెట్టి ఎక్కి కూర్చున్నా పడకూడదు.

తగిలించేవి

కాన్వాస్ సంచి కొత్తది కొనకండి, ఆయన పాత సంచీ ఉంటే చిరిగిన చోట అదే రంగు గుడ్డ వేసి కుట్టించండి. మేం మా నాన్న హోల్డాల్ (పరుపు చుట్టుకెళ్లే కాన్వాస్ చుట్ట) పాడైపోయిన సగం కోసి, చెప్పులు కుట్టే ఆయనతో తోలు పట్టీలు వేయించి ఫ్రేము మధ్యలోకి సంచి చేయించాం, అందులో పానా, పంపు కనెక్షను, పంక్చర్ సామాను. ఎనామిల్ మగ్గు క్యారియర్ కింద కొక్కేనికి. 6 వోల్టుల డైనమో, పాత గుండ్రటి లైటు సంతలో దొరుకుతాయి, దొరికితే వేయండి, దొరకలేదని ఎల్ఈడీ లైటు ఆకుపచ్చ డబ్బాలో పెట్టి పాతదిలా చూపించే వేషాలు వద్దు. తోలు సీటుకి ఆముదం ఎక్కువ పట్టించకండి, మెత్తబడి ఊయలలా సాగిపోద్ది, అడుగు వైపు పలచగా ఒక్కసారి చాలు.

అంతా కలిపి నాకు పదకొండు వేలు దాటింది, అందులో మూడు వేలు ఆ మొదటి ఆకుపచ్చ రంగుదే. నాలుగు నెలలు, ఆదివారాలు మాత్రమే.

ఇచ్చిన రోజు నాన్న ఈసారి ఏ యూనిట్ అని అడగలేదు. చైన్ కవరు మీద రాత చూసి, అక్షరం మీద వేలు పెట్టి, స్టేషన్ పేరులో ఒక అక్షరం పెట్టె మీద చెరిగిపోయిందని దాన్ని అలాగే చెరిగినట్టు ఎందుకు రాయించావురా అని అడిగారు. తర్వాత సంచిలోంచి పానా తీసి వెనక చక్రం నట్టు మళ్లీ ఒకసారి బిగించారు, నేను సరిగ్గానే బిగించినా. చైనుకి నూనె పదిహేను రోజులకోసారి వెయ్యమన్నారు, వాడిన ఇంజనాయిలు కాదు, కుట్టు మిషను నూనె.